మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు

మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే మా మేనల్లుడికి మొన్న వేసవిలో ఆయుధ లైసెన్సు వచ్చింది. వారం తిరగకుండానే వాడి ఫోనుకు ఒక వాట్సాప్ సందేశం చేరింది. తరువాత అదే సందేశాన్ని నాకు నల్లగొండ నుంచి ఇద్దరు, జడ్చర్ల నుంచి ఒకరు పంపారు. కొత్తగా తుపాకీ కొనేవారికి సలహాలట. అందులో ఉన్నది ఇదీ: కొంటే 9 ఎంఎం ఆటోమేటిక్ పిస్టలే కొనాలి, .32 (ఈ అంకెలు తూటా వెడల్పును బట్టి పెట్టినవి) పిల్లల బొమ్మ. రివాల్వర్‌కు కాలం చెల్లింది. పిస్టల్ ఎంత చిన్నదైతే కొత్తవారికి అంత సులువు. .32 తూటా ఏ .32 ఆయుధంలోనైనా పడుతుంది. మ్యాగజైన్ తీసేస్తే ఇక భయం లేదు. రాత్రిపూట తూటా ఎక్కించి దిండు కింద పెట్టుకోవాలి. ఇంట్లోకి దొంగ వస్తే కాల్చవచ్చు, చట్టం మీ వైపే.

సైన్యంలో ఆయుధాల మరమ్మతు పనిలో పద్దెనిమిదేళ్లు, ఆ తరువాత బ్యాంకు కాపలాలో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఈ మాటల్లో కొన్ని మనిషిని జైలుకు పంపుతాయి, కొన్ని ఆసుపత్రికి. అన్నిటికంటే ప్రమాదకరమైన మాటతోనే మొదలుపెడతాను.

"మ్యాగజైన్ తీసేస్తే భయం లేదు." పిస్టల్ పనిచేసే తీరు తెలిసినవారు రాసే మాట కాదిది. మ్యాగజైన్ తూటాలను దాచే డబ్బా మాత్రమే. గొట్టం మీద ముందుకూ వెనక్కీ జారే పై భాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగి వదిలితే పైన ఉన్న తూటా మ్యాగజైన్‌ను వదిలి గొట్టం వెనుక భాగమైన ఛాంబర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. పేలేది ఆ తూటా. ఆ తరువాత మ్యాగజైన్ ఊడదీసి బల్ల మీద పెట్టినా, జేబులో వేసుకున్నా, చాలా పిస్టళ్లలో ఛాంబర్‌లోని తూటా ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది. మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు కొన్ని నమూనాల్లో ఉంటుంది, అన్నిటిలో ఉండదు. మీ చేతిలో ఉన్నది ఏ రకమో పరీక్షించడానికి ట్రిగ్గర్ నొక్కి చూడటం అనే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని నేను ఎవరికీ సలహాగా చెప్పను.

ఇందులోనే ఇంకో మెలిక. ఖాళీ చేసేటప్పుడు వరుస తప్పితే ఖాళీ చేశామనుకుంటూనే నింపుతాం. ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లైడు లాగాలి. తొందరలో ముందు స్లైడు లాగి, ఛాంబర్‌లోని తూటా బయట పడగానే "అయిపోయింది" అనుకుని వదిలితే, లోపలే ఉన్న మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. నేల మీద ఒక తూటా, చేతిలో మ్యాగజైన్, రెండూ కళ్ల ముందు కనిపిస్తుంటాయి. పిస్టల్ మాత్రం నిండుగా ఉంటుంది. సైన్యంలో ఆయుధం ఖాళీ చేసేటప్పుడు గొట్టాన్ని ఇసుక బస్తాల వైపు పెట్టించేవారు. మ్యాగజైన్ తీసి, రెండు మూడు సార్లు స్లైడు లాగి, వెనక్కి ఆపి పట్టుకుని ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకటైతే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న హవల్దారు కూడా రోజూ అదే చేసేవాడు. మేనల్లుడికి ఇది చూపిద్దామని పాత శిక్షణ పిస్టల్ ఒకటి, డమ్మీ తూటాలు తెచ్చాను. వాడు మ్యాగజైన్ ఊడదీసి, "మామా, తీసేశాను కదా, ఇంకేముంది?" అన్నాడు. స్లైడు లాగమన్నాను. డమ్మీ తూటా ఎగిరి వాడి ఒళ్లో పడింది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

"9 ఎంఎం పిస్టలే కొనాలి" అన్నదాన్ని రెండు మాటల్లో తేల్చవచ్చు: మామూలు లైసెన్సు మీద దొరకదు. ఆయుధాల నిబంధనలు, 2016 ప్రకారం సైన్యం వాడే 9 ఎంఎం తూటాను కాల్చగల పిస్టల్ నిషిద్ధ బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు) కిందికి వస్తుంది. కలెక్టరు ఇచ్చే లైసెన్సు మీద రాసేది నిషిద్ధం కాని బోర్ గురించే. ఆటోమేటిక్ అయితే, అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరుసగా పేలుతూ పోయేదైతే, చట్టం దృష్టిలో పూర్తిగా నిషిద్ధ ఆయుధం. ఒక్కసారి నొక్కితే ఒక్క తూటా పేలి, తరువాతి తూటా తనంతట తాను ఛాంబర్‌లోకి ఎక్కేదాన్ని సెమీ ఆటోమేటిక్ అంటారు. దుకాణంలో అమ్మేది ఇదే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకున్నందుకు శిక్ష ఏడు నుంచి పద్నాలుగేళ్ల జైలు. సందేశం రాసినాయన ఈ సంగతి ఎందుకు వదిలేశాడో ఆయనకే తెలియాలి.

ఇక ".32 బొమ్మ" సంగతి. సైన్యంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి 9 ఎంఎం పిస్టళ్లు చేతులు నొప్పి పుట్టేదాకా విప్పి బిగించాను, కాల్చాను. దాని దెబ్బ .32 కంటే గట్టిదే, కాదనను. కానీ .32 తగిలినవాడు బొమ్మ తగిలిందని లేచి వెళ్లడు. పైగా కొత్తవారి చేతిలో తేల్చేది తూటా బలం కాదు, అది ఎక్కడ తగిలిందన్నది. ఏడాదికి ఒక్కసారి కూడా కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్లనివారికి ఏ బోరైనా గోడకు తగిలే బోరే.

".32 తూటా ఏ .32 ఆయుధంలోనైనా పడుతుంది" అన్నది అచ్చమైన అజ్ఞానం. మన ఆయుధ కర్మాగారాల .32 రివాల్వర్ కాల్చేది పొడవైన, అడుగున అంచు ఉన్న తూటాను. అశని వంటి .32 పిస్టల్ కాల్చేది పొట్టి తూటాను, 7.65 ఎంఎం అని కూడా అంటారు. అంకె ఒకటే, తూటాలు వేరు. బిల్లు మీద, పెట్టె మీద రెండుచోట్లా చూసుకోవాలి. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది కాబట్టి తప్పు పెట్టె కొంటే ఆ లెక్క కూడా పోతుంది.

"చిన్నదైతే సులువు" అన్న మాట వినడానికి బాగుంటుంది. దుకాణంలో కౌంటరు మీద చేతిలోకి తీసుకున్నప్పుడు నిజమనే అనిపిస్తుంది. ఈ .32 పిస్టళ్లలో ఎక్కువ భాగం స్లైడు బరువు, స్ప్రింగు బలం, ఈ రెండింటితోనే పేలుడు వెనక్కి నెట్టే బలాన్ని ఆపుతాయి. స్లైడు చిన్నదై తేలికైనకొద్దీ స్ప్రింగు బిగువు పెరుగుతుంది. అరవై దాటినవారు, వేళ్లలో పట్టు తగ్గినవారు, చేతికి చెమట పట్టినవారు దాన్ని లాగలేక స్లైడు మీద పట్టు జారుతుంటే, గొట్టం ఏ వైపు తిరుగుతుందో గమనించే స్థితిలో ఉండరు. బరువు తక్కువైతే పేలినప్పుడు ఎగిరి పడటం ఎక్కువ. గొట్టం పొట్టిదైతే గురి చూసుకునే ముందు గుర్తుకు, వెనుక గుర్తుకు మధ్య దూరం తగ్గి చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. 2014లో కాన్పూరు నుంచి ఆడవారి కోసమంటూ నిర్భీక్ అనే తేలిక .32 ఆయుధం వచ్చినప్పుడు దాన్ని రివాల్వర్‌గానే చేశారు, పిస్టల్‌గా కాదు. అందులో లాగవలసిన స్లైడు లేదు.

అందుకే "రివాల్వర్‌కు కాలం చెల్లింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. మన పాత .32 రివాల్వర్‌ను మీట నొక్కి వంచితే గొట్టం కిందికి వాలుతుంది, తూటాలుండే గుండ్రటి సిలిండర్‌లోని ఆరు గదులూ బయటకు వస్తాయి, తూటాలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఏది నిండుగా ఉందో, ఏది ఖాళీగా ఉందో పసివాడికైనా కనిపిస్తుంది. 2023లో వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, కనపడటం మాత్రం అంతే. తూటా పేలకపోతే రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తరువాతి గది ముందుకు వస్తుంది. పిస్టల్‌లో అదే జరిగితే స్లైడు లాగి చెడిన తూటాను బయటకు తీయాలి, ఆ పని చేతికి అలవాటై ఉండాలి. రివాల్వర్‌కూ లోపాలున్నాయి: ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కాల్సి రావడం, నింపడంలో ఆలస్యం, తూటాలు తక్కువ. నెలకోసారైనా సాధన చేసేవారు, శిక్షణ పొందినవారు పిస్టల్ కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. మా వాడికి మాత్రం రివాల్వరే చెప్పాను.

దిండు కింద పెట్టుకోమన్న సలహాకు పెద్ద జవాబు అవసరం లేదు. అర్ధరాత్రి నిద్రమత్తులో చెయ్యి దేన్ని వెతుకుతుందో, పొద్దున ముందుగా లేచిన పిల్లవాడి చెయ్యి దేన్ని వెతుకుతుందో ఆలోచించుకుంటే చాలు. మన దగ్గర వేసవిలో దిండు చెమటతో తడుస్తుంది, ఇనుము వారంలోనే తుప్పు పడుతుంది. పైగా ఎన్నికల నియమావళి వచ్చిందంటే మీ ఆయుధం స్టేషనులోనో, డీలరు దగ్గరో పెట్టమని కబురు రావచ్చు. 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలు చూసిన జిల్లా మా నల్లగొండ.

చివరిది, చట్టం మీ వైపే అన్నది. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. కానీ పోలీసుల దగ్గరకు వెళ్లే సమయం ఉంటే ఆ హక్కు లేదని, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసే దాకా వెళ్లగల సందర్భాలను 41వ సెక్షన్ లెక్కపెట్టి చెప్పింది: దోపిడీ, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయం లోపు ఇంట్లో చొరబాటు వంటివి. అప్పుడు కూడా అవసరానికి మించకూడదన్న షరతు అలాగే ఉంటుంది. పెరటి గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాల్చినవారు ఈ సందేశాన్ని న్యాయమూర్తికి చూపించలేరు.

మేనల్లుడు ఇంతవరకు తుపాకీ కొనలేదు. గోడకు బిగించే ఇనుప పెట్టె మాత్రం కొన్నాడు, దాని తాళం ఎక్కడ పెట్టాలన్నది భార్యాభర్తల మధ్య ఇంకా తేలలేదట.