అడుగున పడిన ఆధార్

బ్యాక్‌ప్యాక్‌కు మూతి పైన ఉంటుంది, కావలసిన వస్తువు అడుగున ఉంటుంది. బ్యాగుల్ని కొలిచేది లీటర్లలోనే కాబట్టి, రెంటికీ మధ్య 40 లీటర్ల దూరం. కొండలూ నీళ్లూ చూసొద్దామని బస్సుల్లో బయల్దేరిన దంపతుల మధ్య రభస ఏదైనా వచ్చిందంటే అది ఈ దూరంలోనే పుడుతుంది. కొండల తప్పు ఇందులో ఏమీ లేదు.

కర్నూలు వాళ్లు ఈ రభస కోసం హిమాలయాల దాకా పోనక్కర్లేదు. కర్నూల్లో బస్సెక్కితే బనగానపల్లె, పక్కనే యాగంటి, వెనక్కొచ్చి అవుకు రిజర్వాయరు, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు, తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు, చివరికి గండికోట, దాని దిగువన మైలవరం జలాశయం. ఎర్రమల కొండలు దారి పొడుగునా ఏదో ఒక కిటికీలో కనిపిస్తూనే ఉంటాయి. మూడు రోజులు పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ దూరం తక్కువే, బస్సులు మారడం మాత్రం ఎక్కువ. అంటే బ్యాగులు ఎక్కించడం, దించడం, అందులో చెయ్యి పెట్టి గెలకడం ఎక్కువ.

సర్దుకునే రాత్రి ఇంట్లో ఒక ఒప్పందం కుదురుతుంది. "నా బట్టలు నా బ్యాగులో, మీ బట్టలు మీ బ్యాగులో. తిండి బరువు గదా, మీ దాంట్లో పెడతా. ఆధార్ కార్డులు జాగర్తగా ఉండాల, అవి కూడా మీ దాంట్లోనే అడుగున పెట్టండి." ఇందులో ఒక్క మాటకూ వంక పెట్టలేం. మన ఇళ్లల్లో విలువైనదేదైనా అడుగునే ఉంటుంది. నగలు బీరువాలో చీరల కింద, దాచిన డబ్బు డబ్బాలో బియ్యం కింద. దొంగకు దొరక్కూడదని పెద్దలు చేసిన ఏర్పాటు అది. బస్సులో అడిగేది దొంగ కాదు, కండక్టరు.

పొద్దున బస్టాండులోకి పల్లెవెలుగు వచ్చి ఇంకా నిలబడకముందే సీట్లయిపోతాయి. కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టడం ఇక్కడ అందరికీ పుట్టుకతో వచ్చిన విద్యే గానీ బ్యాక్‌ప్యాక్‌తో అది చెల్లదు. ఊచల మధ్యలోంచి తువ్వాల దూరుతుంది, 40 లీటర్లు దూరవు. ఆమెకు ముందు ఆడవాళ్ల సీట్లలో చోటు దొరుకుతుంది. ఆయన చెరో భుజానికి ఒక బ్యాగు తగిలించుకుని, నడవలో ఉన్న ప్రతి మోకాలికీ క్షమాపణ చెప్పుకుంటూ చివరి వరుస చేరతాడు. ఒక బ్యాగు వీపుకూ ఇంకోటి పొట్టకూ వేసుకుంటే మనిషి సన్నగా దూరగలడు. ఆ సంగతి చాలామందికి మూడో బస్సులో గానీ తట్టదు. చివరి వరుస గురించి కూడా ఒక మాట. అది వెనక ఇరుసు దాటి అవతలికి పొడుచుకొచ్చిన భాగం. చక్రం గుంతలో పడి లేస్తే మధ్యలో కూర్చున్నవాళ్లకు కుదుపు, వెనకవాళ్లకు విమానయోగం. కడుపులో తిప్పే గుణమున్నవాళ్లు ముందు భాగంలోనే కూర్చుని, ఫోను మూసి, దూరంగా రోడ్డు వైపు చూడాలి. కన్ను కదలడం లేదంటుంది, చెవిలోని తూకపు యంత్రం కదులుతున్నామంటుంది, ఈ తగాదాలో తీర్పు కడుపు చెబుతుంది. మాత్ర వేసుకునేదైతే బస్సెక్కడానికి ముందే వేసుకోవాలి, వాంతయ్యాక కాదు. ఆ మాత్ర కూడా ప్రస్తుతం అడుగునే ఉంది.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టే పని లేదు. టికెట్టు తీసుకునే పని మాత్రం ఉంది. ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టు చూపే గుర్తింపు కార్డు, ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ రేషన్ కార్డు గానీ, చూసి కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టిస్తాడు. చాలా మంచి ఏర్పాటు, కార్డు చేతిలో ఉన్నవాళ్లకు.

"కార్డు చూపించమ్మా."

"మా ఆయన దగ్గరుంది."

"ఆయన యాడున్నాడు?"

"యెనక."

బస్సులో ఉన్న తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి. ఆయన బ్యాగు మూతి తాడు విప్పుతాడు. ముందు దుప్పటి వస్తుంది. దాన్ని పెట్టడానికి చోటు లేక పక్కనున్న పెద్దాయన ఒళ్లో పెడతాడు. తర్వాత లుంగీ, జొన్న రొట్టెల మూట, శెనక్కాయల పొడి డబ్బా, ఛార్జరు, మామిడికాయ ఊరగాయ సీసా. సీసాను కాలేజీ పిల్లోడు రెండు చేతులతో భక్తిగా పట్టుకుంటాడు. "యాడికి పోతాండారన్నా, కాపురమే తీసుకొచ్చినట్టుండారే?" అని ఎవరో అడుగుతారు. ఓర్వకల్లు మీదుగా పోయే బస్సయితే ఈపాటికి అక్కడి రాళ్ల గుట్టలు కిటికీ పక్కనుంచి వెళ్లిపోతుంటాయి. ఆమె వాటిని చూస్తుంటుంది. ఆయన బ్యాగు అడుగు చూస్తుంటాడు.

కార్డు దొరుకుతుంది. చేతులు మారుతూ ముందుకు ప్రయాణం చేస్తుంది. దారిలో ప్రతివాళ్లూ ఫోటో ఒకసారి చూసి, ఒకసారి ఆమెను చూసి, తృప్తిపడి పక్కవాళ్లకు అందిస్తారు. "పెండ్లికి ముందు దిగిన ఫోటో మాదిరుందే" అని ఒకామె తేలుస్తుంది. సున్నా టికెట్టు వస్తుంది. ఇప్పుడు ఆయన టికెట్టు. ఆయనది డబ్బుల టికెట్టే, తీసేది ఐదొందల నోటు. కండక్టరు దానివైపు జాలిగా చూసి, ఇవ్వాల్సిన చిల్లర టికెట్టు వెనక రాస్తాడు. టికెట్టు పోతే చిల్లర పోయినట్టే. కాబట్టి ఆయన దాన్ని జాగ్రత్తగా బ్యాగులో అడుగున పెట్టి, పైన ఊరగాయ, రొట్టెలు, లుంగీ, దుప్పటి సర్దుతాడు. బనగానపల్లెలో దిగి బస్సు కదిలిపోయాక చిల్లర గుర్తొస్తుంది.

దీనికి మందు ఒక చిన్న జిప్పు సంచి, నడుముకు కట్టుకునేదో మెడలో వేసుకునేదో. ఇద్దరి కార్డులు, పది, ఇరవై నోట్లు, ఆ రోజు టికెట్లు, మాత్రలు, ఒక పెన్ను. ఇంతకు మించి అందులో ఏదీ పోకూడదు, పోతే అది కూడా బ్యాగే అవుతుంది. ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే బస్సు దంపతులను పక్కపక్కన కూర్చోబెడతానని ఎన్నడూ మాటివ్వలేదు.

యాగంటిలో కాకులుండవని ప్రతీతి, అగస్త్యుడి శాపమట. కోతుల్ని శపించినవాళ్లెవరూ లేరు. బ్యాగు పక్క జేబుల్లో అరటిపండు, బిస్కెట్టు పొట్లం ఉంచి కోనేటి మెట్లు దిగితే అవి మీవి కావు. చేతిలో పాలిథీన్ కవరు చప్పుడైనా చాలు. తినేవి లోపలికి పెట్టి జిప్పు పూర్తిగా మూయాలి, నాలుగు వేళ్ల సందు వదిలితే అక్కడినుంచి ఆయన చెయ్యి కంటే నేర్పుగా ఒక చెయ్యి లోపలికి పోతుంది.

అసలు ప్రమాదం మాత్రం అవుకు దారిలో కాచుకుని ఉంటుంది. బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు డ్రైవరు దయతలచి, "బ్యాగు ఈడ పెట్టన్నా" అని తన పక్కనున్న ఇంజను మూత చూపిస్తాడు. చోటు విశాలంగా, చదునుగా, ఖాళీగా ఉంటుంది. అది ఎందుకు ఖాళీగా ఉందో ఒక్కరూ ఆలోచించరు. ఇంజను మీద పెట్టిన బ్యాగు కింది నుంచి ఉడుకుతుంది. మూతదాకా నింపిన ఊరగాయ సీసాలో నూనె వేడికి పొంగి, దారి దొరక్క మూత మరల వెంట పాకి పైకొస్తుంది. బస్సు అదురుడుకు మూత కొంచెం కొంచెం వదులవుతుంది. సీసా పడుకుని ఉంటే ఇక చెప్పేదేముంది. మొదట వాసన. బస్సులో సగం మందికి ఆకలేస్తుంది. తర్వాత బ్యాగు మూల నుంచి ఎర్రటి చుక్క.

"ఏమండీ, మన బ్యాగేనా అది?"

"కాదులే, ఎవరిదో."

అవుకులో దిగి చూస్తే ఆయన చొక్కాలు రెండూ, బనియన్లన్నీ, దుప్పటీ ఊరగాయలో ఊరి ఉంటాయి. ఎదురుగా రిజర్వాయరు నీళ్లు గాలికి అలలు తేలుతూ చాలా బాగుంటాయి. ఆయనకు అవి ఉతకడానికి మాత్రమే పనికొచ్చేటట్టు కనిపిస్తాయి. ఆమె బట్టలకు ఒక్క చుక్క అంటలేదు. ఒప్పందం ప్రకారం అవి ఆమె బ్యాగులో ఉన్నాయి. మిగిలిన రెండు రోజులూ గండికోట ఫోటోలన్నిట్లో ఆయన ఒకటే చొక్కాతో, మామిడికాయ రంగు జేబుతో కనిపిస్తాడు.

సీసా నింపేటప్పుడు పైన ఒక వేలు మందం ఖాళీ వదలాలి. మూతకూ సీసాకూ మధ్య పాలిథీన్ ముక్క వేసి బిగించాలి. సీసాను ఇంకో కవరులో ముడేసి, స్టీలు గిన్నెలో నిలబెట్టి మూత పెట్టాలి. ఇంత సేవ చేసే ఓపిక లేకపోతే ఊరగాయ మానేసి శెనక్కాయల పొడి మాత్రమే తీసుకుపోవడం తెలివి. పొడి కారినా దులిపేయొచ్చు. జొన్న రొట్టెలు బాగా ఎండబెట్టినవైతే మూడు రోజులూ చెడవు, విరుగుతాయంతే. బట్టలు మాత్రం ఒకరివి ఒకరి బ్యాగులో సగం సగం పెట్టుకోవాలి. ఒక బ్యాగు తడిసినా, ఊరినా, వేరే బస్సులో వేరే ఊరికి పోయినా, ఇద్దరికీ ఒక జత మిగులుతుంది. బస్టాండు మధ్యలో ఆయన భార్య బ్యాగు తెరిచి బనియన్ వెతుక్కోవలసి రావడం దీనికి చెల్లించే వెల. బరువు సంగతికొస్తే ఒక్కో బ్యాగు ఏడెనిమిది కిలోలు దాటనీయొద్దు. బరువైనవి వీపుకు ఆనుకుని నడిమధ్య, మెత్తనివి అడుగున. నడుము పట్టీ బిగిస్తేనే భారం భుజాల మీద నుంచి తుంటి మీదికి దిగుతుంది. అది వేలాడదీయడానికి కుట్టిన అలంకారమని చాలామంది అనుకుంటారు.

బెలుం గుహల్లోకి బ్యాగులతో దిగకండి. లోపల ఉక్క పోస్తుంది, కొన్నిచోట్ల వంగి నడవాలి. వంగినప్పుడు మనిషికి తన తల ఎంత ఎత్తుందో తెలుస్తుంది గానీ వీపు మీది బ్యాగు ఎత్తు తెలియదు. రాయి తెలియజేస్తుంది.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్ల చిల్లర. బస్సులు తక్కువ, కాబట్టి జమ్మలమడుగులో దిగగానే చేయవలసిన మొదటి పని టీ తాగడం కాదు, గండికోట బస్సు ఎన్నింటికో విచారణ కౌంటర్లో అడగడం. ఆయన టీ దగ్గరికి పోతాడు, ఆమె విచారణకు పోతుంది. ఇద్దరూ తిరిగొచ్చేసరికి బస్సు పోయి ఉంటుంది, ఆటోవాడు నవ్వుతూ ఉంటాడు.

కోట దగ్గర పెన్న లోయ వైపు గుడారం వేసుకుంటే తెల్లవారి ఎర్ర రాయి మీద ఎండ పడడం చూడొచ్చు. అయితే అక్కడ నేల మట్టి కాదు, బండ. గుడారం మేకులు దిగవు, వంగుతాయి. తాళ్లను పెద్ద రాళ్లకు కట్టాలి, రెండు బ్యాగులను లోపల గాలి వచ్చే వైపు మూలల్లో బరువుగా పెట్టాలి. ఊరగాయ బ్యాగు ఏ మూలకు, ఎవరి తలకు దగ్గరగా అన్నది మాత్రం వెలుతురుండగానే తేల్చుకోవాలి. అంచుకు పది అడుగుల లోపల ఏ సంచీ దించొద్దు. చాలాచోట్ల కంచె లేదు, గుండ్రటి స్టీలు సీసాకు వెనక్కి వచ్చే అలవాటు లేదు.

ఇంటికొచ్చాక బ్యాగు ఉతకాలి. వాషింగ్ మెషీన్లో వేయకండి, లోపలి పూత పొరలు పొరలుగా లేచిపోతుంది. నూనె మరక మీద శెనగపిండి చల్లి ఒక రాత్రి వదిలితే పిండి నూనె పీల్చుకుంటుంది. దులిపి, అంట్లు తోమే సబ్బు ద్రవంతో మెత్తని బ్రష్షు పెట్టి రుద్ది, జేబులన్నీ బయటికి తిప్పి తలకిందులుగా ఆరేయాలి. పసుపు మరక సబ్బుకు పోదు, ఎండకు పోతుంది, ఆ సరుకు కర్నూల్లో కావలసినంత దొరుకుతుంది. అడుగు జేబు తిప్పినప్పుడు ఒక నూనె కాగితం రాలి పడుతుంది. వెనక కండక్టరు రాసిన చిల్లర లెక్క ఇంకా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.