లండన్ టవర్‌లోని కదిలే బాట గారికి

బ్రిటిష్ రాచనగల ముందు నుంచి, నిలబడ్డవాళ్లని నిలబడ్డట్టే మోసుకుపోయే మహారాజశ్రీ లండన్ టవర్ నగల గది ట్రావెలేటర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీ కిరీటాలూ, రాజదండాలూ, వాటికి పొదిగిన 23,000 పైచిలుకు రాళ్లూ క్షేమమేనని తలుస్తాను. మీరుండగా వాటి క్షేమానికి లోటేముంది!

ముందుగా మీ పనితనానికి ఒక దండం. మనిషిని తిట్టకుండా, ముట్టుకోకుండా, కనీసం గొంతు సవరించుకోకుండా సాగనంపే కాపలాదారు మీరొక్కరే. గుడిలో అయితే ‘జరగండి, జరగండి’ అని భుజం పట్టి లాగే ఆయన ఉంటాడు. బయటికొచ్చాక ఆయన్ని నాలుగు మాటలనుకుని తృప్తి పడొచ్చు. మిమ్మల్ని ఏమని తిట్టుకుంటాం? నిలబడ్డచోటే నిలబడ్డాం, అయినా వెళ్లిపోయాం.

కోహినూర్ పొదిగిన కిరీటం దగ్గరికి రాగానే మీ మీద జనం చేసే విన్యాసాలు మీకు తెలియనివి కావు. పాదాలు మెల్లగా వెనక్కి పడతాయి. మెడ నూట ఎనభై డిగ్రీలు తిరగాలని చూస్తుంది. వెనకాయన కాలు తొక్కి సారీ చెప్పేలోపు రాయి దాటిపోతుంది. ‘ఇదేనా?’ అంటుంది ఆవిడ. ‘కాదు, ఆ పక్కది’ అంటాడు ఆయన. ఎదుట ఉన్నది చదువుదామంటే, వాక్యం ఒక కిరీటం దగ్గర మొదలై ఇంకో కిరీటం దగ్గర పూర్తవుతుంది. ఫొటో తీసుకుని తీరిగ్గా చూసుకుందామా అంటే ఫొటోలు నిషేధం. కావాలంటే మళ్లీ చుట్టూ తిరిగొచ్చి ఎక్కొచ్చు, అది మీ పెద్ద మనసు. అప్పుడూ అదే వేగం.

అయ్యా, రద్దీ ఎక్కువ, తోపులాట లేకుండా అందరికీ చూపించాలి కాబట్టి ఈ ఏర్పాటు అంటారు. నిజమే, కాదనను. కానీ నాకో అనుమానం. కిరీటం ముందు మనిషి ఐదు నిమిషాలు ఊరికే నిలబడితే చూడటం అయిపోతుంది, ఆలోచించడం మొదలవుతుంది. ఈ రాయి ఇక్కడికెలా వచ్చింది అంటాడు. 1849లో లాహోర్ ఒప్పందం మీద పదేళ్ల పిల్లాడు, పంజాబ్ రాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించారని, అందులో ఈ రాయికోసమే ఒక షరతు రాశారని గుర్తుకొస్తుంది. సంతకానికి ముందే వాళ్లమ్మని అతని దగ్గర్నుంచి దూరం చేశారని కూడా గుర్తుకొస్తుంది. తెచ్చాక మెరుపు చాలలేదని 1852లో కోయించి దాదాపు సగం చేశారని, ఇప్పుడున్నది 105.6 క్యారెట్లేనని లెక్క తీస్తాడు. ఇంత దూరం ఆలోచించేలోపు మీరు అతన్ని ఇంకో కిరీటం ముందుకు చేర్చేస్తారు. ఇక అన్నీ మరిచిపోయి ‘అబ్బా, ఎంత పెద్ద కెంపో!’ అంటాడు. అది కెంపు కాదు, స్పినెల్ అనే వేరే రాయి, పేరుకే బ్లాక్ ప్రిన్స్ రూబీ. అది చెప్పేంత టైమ్ కూడా మీరివ్వరు.

2023లో ప్రదర్శనను మార్చినప్పుడు కోహినూర్‌ని దండయాత్రల గెలుపుకి చిహ్నంగా చూపిస్తామని మీ పెద్దలు ప్రకటించారు. సంతోషం. ఒప్పుకోవడం దాకా బాగానే ఉంది. ఒప్పుకున్నాక ఏం చేయాలి అనేది తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి బాట అయిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం మీ దగ్గరున్న చెంచా. పన్నెండో శతాబ్దానిది, పట్టాభిషేకంలో పవిత్ర తైలం పోసేది. 1649లో మొదటి చార్లెస్ రాజు తల తీశాక పాత నగల బంగారం దాదాపు అంతా కరిగించి నాణేలు కొట్టించారు కదా. చెంచాని మాత్రం 16 షిల్లింగులకు అమ్మేశారు. కొన్నాయన పేరు క్లెమెంట్ కినర్స్‌లీ. మళ్లీ రాజు గద్దెక్కగానే ఆయన దాన్ని బుద్ధిగా తీసుకెళ్లి ఇచ్చేశాడు. పట్టాభిషేకపు పాత సామానులో అంత పాతది ఇంకోటి మీ దగ్గర మిగల్లేదంటే అర్థమేమిటి? డబ్బు పెట్టి కొన్న మనిషి కూడా వస్తువు ఎవరిదో వాళ్లకి తిరిగిచ్చాడనే కదా! ఆ మర్యాద మీ గాజు పెట్టెల్లోనే ఉంది. సైజులో చిన్నది కాబట్టి పెద్దలకి ఆనలేదేమో.

ఇంకో ఆచారం కూడా ఉందిలెండి. 1671లో కర్నల్ బ్లడ్ అనే ఆయన పాదిరీ వేషంలో కాపలా ముసలాయనతో స్నేహం కలిపి, కట్టిపడేసి, కిరీటాన్ని సుత్తితో చదును చేసి బయల్దేరాడు. గేటు దాటకముందే దొరికాడు. రెండో చార్లెస్ మహారాజు పిలిపించి మాట్లాడి, క్షమించి, పైగా ఐర్లండ్‌లో భూములు రాసిచ్చాడు. ఈ లెక్కన మీ దగ్గర నగ పోగొట్టుకోవడం కంటే దొంగిలించడమే లాభసాటి.

అయితే మా వైపు వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2016లో సుప్రీం కోర్టులో ప్రభుత్వ న్యాయవాదే లేచి, కోహినూర్ దొంగిలించింది కాదు, సిక్కు యుద్ధాల్లో చేసిన సాయానికి బదులుగా దులీప్ తండ్రి రంజిత్ సింగ్ బ్రిటిష్ వాళ్లకి ఇష్టపూర్వకంగా ఇచ్చాడని సెలవిచ్చారు. రంజిత్ సింగ్ 1839లోనే పోయాడు. మొదటి సిక్కు యుద్ధం 1845లో మొదలైంది. చచ్చి స్వర్గాన ఉన్నాయన చేత కానుక ఇప్పించిన ఘనత మాది. తర్వాత కొద్ది రోజులకే, సామరస్యంగా తెచ్చుకోవడానికి అన్ని ప్రయత్నాలూ చేస్తామన్నారు. మీకంటే నెమ్మదిగా కదిలేది ఏదైనా ఉందంటే అది ఆ ప్రయత్నమే.

నిజాం నగల సంగతి ఎత్తకపోతే మీకు అన్యాయం చేసినట్టే. 1995లో 218 కోట్లు పోసి 173 నగలు ప్రభుత్వం కొన్నది. అందులో జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు, మీ కోహినూర్ దాని ముందు చిన్న తమ్ముడు. ఆఖరి నిజాం దాన్ని పేపర్ వెయిట్‌గా వాడుకున్నాడంటారు, అంటే కనీసం రోజూ కంటికి కనపడేది. కొన్న తర్వాత 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో చూపించారు, 2019లో ఢిల్లీలో చూపించారు. మిగతా కాలం చాలావరకు రిజర్వ్ బ్యాంకు ఖజానా గదిలోనే. అక్కడ కదిలే బాట లేదు, కదలని బాటా లేదు. ఆ మాటకొస్తే మీరు చూపించే ఆ కాస్తసేపే నయం.

కాబట్టి పెద్ద పెద్ద కోరికలేవీ కోరను. రాయి తిరిగివ్వడం మీ చేతుల్లో లేదు, అసలు మీకు చేతులే లేవు. మీ మోటారు పాడై, మెకానిక్ రావడానికి మధ్యాహ్నం అవుతుందన్న రోజు ఏదైనా ఉంటే మాత్రం ముందుగా ఒక కబురు పంపండి. ఆ రోజు పొద్దున స్లాటుకి టికెట్ తీసుకుంటాను.

ఇట్లు,
మీ మీద నిలబడి మెడ తిప్పుతూ పోయినవారిలో ఒకరు