ఐదు లక్షల కార్డు, పెద్దమనుషుల పరువు

తిరుపతిలో పొద్దున్నే ప్రకాశం పార్కులో నడిచే పెద్దమనుషులకి ఈమధ్య ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. ప్రభుత్వాలకి పట్టలేదు, పేపర్లకి పట్టలేదు, అందుకే నేను పూనుకోవాల్సి వచ్చింది. 2024 అక్టోబర్ 29న కేంద్రం, పేదల ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏళ్లు దాటిన అందరికీ తెరిచేసింది. ఆదాయం ఎంతని అడగరు, మేడలెన్ని అని అడగరు, ఆధార్‌లో వయసు ఉంటే చాలు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు చూసుకుంటారు. వయ వందన కార్డు అంటారు దాన్ని. ఇంతవరకూ సంతోషమే. కానీ జేబులో ఆ కార్డు పెట్టుకున్న పెద్దమనిషిని ఎవడో కుర్రాడు ఆపి, "ఏం సార్, మీరు కూడా సంక్షేమ పథకంలో చేరిపోయినారా?" అంటే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మా గుంపులో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ఆయనది ఒకటే మాట, ఊరికే ఇస్తే జనం సోమరిపోతులైపోతారని. తెల్లకార్డు మీద గుండె ఆపరేషన్ చేయించుకున్నవాడు సోమరి ఎట్లా అవుతాడో నాకు బోధపడేది కాదు, ఆపరేషన్ ఊరికే వస్తుంది కదా అని పనిగట్టుకుని గుండె చెడగొట్టుకునే వాళ్లుంటారని ఆయన ఉద్దేశం కాబోలు. ఆయనకిప్పుడు డెబ్బై దాటింది, సొంత పాలసీ ప్రీమియం ఏటా చెట్టెక్కి కూర్చుంటోంది, మనవడు ఫోన్లోనే కార్డు చేసిచ్చాడు. "ఇది సంక్షేమం కాదప్పా, ఇన్నేళ్లు టాక్స్ కట్టినాం, అది వెనక్కి తీసుకుంటున్నాం, అంతే" అని తేల్చారు.

గట్టి వాదనే. కాకపోతే చిన్న చిక్కుంది. గోవిందరాజస్వామి గుడి ముందర పూలమ్మే అవ్వ కూడా సబ్బు కొంటుంది, ఆ సబ్బు మీద జీఎస్టీ మొన్నమొన్నటి దాకా 18 శాతం ఉండేది, ఇప్పుడు 5. ఆమె కట్టింది కూడా ఆ ఖజానాకే పోయింది. కానీ ఆమెకి జీతంలో టాక్స్ కోసినట్టు ఫారం 16 రాదు కాబట్టి ఆమె కట్టినట్టు రుజువు లేదు, రుజువు లేనిది టాక్సే కాదని మేనేజరు గారి వ్యవహారజ్ఞానం. ఇక వయ వందనకి ఆయన కట్టిన ప్రీమియం అక్షరాలా సున్నా. మన రాష్ట్రంలాంటి చోట కేంద్రం 60 పైసలు వేస్తే రాష్ట్రం 40 పైసలు వేస్తుంది, అందులో అవ్వ సబ్బు డబ్బులూ ఉంటాయి. ఈ ముక్క నేను ఆయనతో అనలేదు, అప్పుడే బీపీ చూపించుకుని వచ్చారు.

కొడుకు డాలస్‌లో ఉన్న ఇంకో పెద్దాయన అమెరికా సాక్ష్యం తెచ్చారు. అక్కడ 65 దాటినవాళ్లకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది, దాన్నెవరూ సంక్షేమం అనరు, జీతంలోంచి 1.45 శాతం కోసుకుంటారు, కంపెనీ అంతే కలుపుతుంది, కష్టార్జితం అన్నారు. నిజమే. అయితే అందులో డాక్టరు ఫీజులు చూసుకునే భాగానికి ముసలివాళ్లు కట్టే ప్రీమియం సుమారు పావు వంతుకే సరిపోతుంది, మిగతాదంతా చాలావరకు మామూలు ఖజానాదే. ఇంకో విశేషముంది. పేదలకిచ్చే మెడికెయిడ్ కూడా ఆ మెడికేర్‌తో పాటే, 1965 జులై 30న, అప్పటి అధ్యక్షుడు జాన్సన్ పెట్టిన ఒకే సంతకంతో పుట్టింది. కవలల్లో ఒకరికి కష్టార్జితమని పేరొచ్చింది, రెండోవారికి సంక్షేమమని. మనవాళ్లకి అమెరికా ఎందుకంత నచ్చుతుందో నాకిప్పుడు తెలిసింది.

అసలు పెద్దమనుషులు ఊరికే ఏమీ తీసుకోలేదంటే నేనొప్పుకోను, చాలా తీసుకున్నారు, హుందాగా తీసుకున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అర శాతం ఎక్కువ వడ్డీ. ఆరోగ్య పాలసీ కడితే పాత పద్ధతి ఆదాయపన్నులో 50,000 దాకా మినహాయింపు. ఆర్టీసీ బస్సులో పావు వంతు తగ్గింపు. 2025 సెప్టెంబర్‌లో సొంత పాలసీల మీద జీఎస్టీ కూడా ఎత్తేశారు. 2020లో ఆపేసిన రైలు రాయితీ సంగతి మాత్రం ఎత్తకండి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి పాపం. కొండ మీద 65 దాటితే దర్శనానికి వేరే దారి, వెంగమాంబ సత్రంలో కడుపునిండా భోజనం, అక్కడ ఎవరూ ఆదాయం సర్టిఫికెట్ అడగరు, తిన్నవాళ్లెవరూ సోమరులూ కాలేదు. అది స్వామివారి ప్రసాదం కదా.

అందుకే నా సూచన ఒకటే. వయ వందన కార్డుని పెద్దమనుషులకి శాలువా కప్పి, తాంబూలంలో పెట్టి ఇవ్వాలి. ఆసుపత్రిలో వేరే కౌంటర్ ఉండాలి, అక్కడ "సన్మాన గ్రహీతలు" అని బోర్డు పెట్టాలి. ఇప్పుడున్న పద్ధతి చాలా అన్యాయం. ఆమధ్య మేనేజరు గారికి గుండెకి స్టెంట్ వేయాల్సి వచ్చి ఆసుపత్రిలో కార్డులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోతే, ముందర పూలమ్మే అవ్వ వయసున్న ఒకామె, వెనకాల ఈయన, ఇద్దరికీ ఒకటే క్యూ, ఇద్దరి వేలికీ ఒకటే మెషీను. పైగా ఆమె వేలిముద్ర వెంటనే పడింది, ఈయనది నాలుగుసార్లు తుడుచుకుని పెట్టినా పడలేదు.

స్టెంట్ పడింది, పైసా ఖర్చు కాలేదు. సోమరితనం లక్షణాలేమైనా మొదలవుతాయేమోనని నేను రోజూ జాగ్రత్తగా గమనిస్తున్నాను, ఇంతవరకూ ఏమీ కనబడలేదు, ఠంచనుగా పార్కుకి వస్తున్నారు. అయితే డిశ్చార్జి అయి పదిహేను రోజులు దాటాక మాత్రలకి సొంత డబ్బులే పెట్టుకోవాలని తెలిసి మాత్రం మండిపడ్డారు. అడ్మిట్ అయితేనే ఈ కార్డు, నెలనెలా వేసుకునే మాత్రలకి పనికిరాదు. "ఏం గవర్నమెంటప్పా ఇది, ముసలోళ్లకి మాత్రలు కూడా ఊరికే ఇయ్యలేరా?"

వెంటనే అర్జీ రాశారు. మొదటిది, మాత్రలు కూడా కార్డులో కలపాలి. రెండోది, రైలు రాయితీ తిరిగి ఇవ్వాలి. మూడోది, దేశాన్ని దివాలా తీయిస్తున్న ఉచిత పథకాలన్నీ తక్షణం రద్దు చేయాలి. సంతకాలు బాగానే పడుతున్నాయి.