కోఫీ మీద ఆడిట్

మా బాబాయి ఆడిట్ శాఖలో పదవీ విరమణ చేశారు గానీ ఎర్ర పెన్ను మాత్రం వదల్లేదు. అట్లాంటాలో చదువుతున్న వాళ్ళ అమ్మాయి తోటి విద్యార్థులతో కలిసి ఘనా వెళ్ళింది. అక్కడి నుంచి అది పంపే సందేశాలన్నిటినీ ఆయన ఒక నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నారు.

బాబాయి: ఎవరే ఈ కోఫీ?

పిన్ని: ముందు కాఫీ తాగండి. చల్లారితే మళ్ళీ పెట్టను.

బాబాయి: సోమవారం, "కోఫీ మాకు కేప్‌కోస్ట్ కోట చూపించాడు." మంగళవారం, "కోఫీ డోలు నేర్పాడు." బుధవారం, "కోఫీ మగ్గం మీద కెంటె బట్ట నేశాడు." నిన్న, "కోఫీ వాళ్ళమ్మ అలసంద వడలు పెట్టింది." వ్యవహారం వాళ్ళమ్మ దాకా వెళ్ళింది!

పిన్ని: వడల దాకా వెళ్ళింది. పెళ్ళిచూపులకు వచ్చి మీరు మా అమ్మ పెట్టిన వడల పళ్ళెం ఖాళీ చేసినప్పుడు మా నాన్న పుస్తకం తెరవలేదు.

బాబాయి: మాట మార్చకు. కోట, డోలు, మగ్గం! ఇన్ని పనులు చేసేవాడికి స్థిరమైన ఉద్యోగం ఉండదు.

పిన్ని: బస్సు కూడా నడుపుతాడట. పొద్దున చెప్పింది.

(అసలు సంగతి పిన్నికి తెలుసని నాకు అక్కడే అనుమానం వచ్చింది. బాబాయి మాత్రం "బస్సు" అని రాసి కింద గీత గీశారు.)

బాబాయి: కోటలో ఏం చూశారో ఒక్క ముక్క రాయలేదు. మన గోల్కొండలా ఉంటుందా?

పిన్ని: గోల్కొండ కాదండీ. బానిసలుగా అమ్మడానికి తెచ్చిన మనుషులను ఓడలు వచ్చేదాకా కుక్కిపెట్టిన చీకటి కొట్లు. మగవాళ్ళను పెట్టిన కొట్టు మీదే దొరలు ప్రార్థనా మందిరం కట్టుకున్నారట.

బాబాయి: దాని మీదేనా?

పిన్ని: సరిగ్గా మీదే. సముద్రం వైపు ఉన్న తలుపు దాటించి పడవ ఎక్కించారంటే ఇక తిరిగి రావడం లేదు. మన అమ్మాయి గదిలో ఉండే నల్లజాతి అమ్మాయి లేదూ, వీడియోలో మనకు నమస్తే చెబుతుంది, ఆ పిల్ల లోపల గోడ పట్టుకుని నిలబడిపోయిందట. తన పూర్వీకులు ఏ తీరం నుంచి వెళ్ళారో ఏ కాగితంలోనూ లేదు పాపం. మనది ఏమీ మాట్లాడకుండా ఆ పిల్ల పక్కనే ఉండిపోయిందట.

బాబాయి: మనది మాట్లాడకుండా ఉందా?

పిన్ని: అప్పుడప్పుడు నా పోలిక బయటపడుతుంది. ఆ తలుపుకే బయటివైపు ఇప్పుడు "తిరిగి వచ్చే ద్వారం" అని బోర్డు పెట్టారు. అందరూ ఆ వైపు నుంచి లోపలికి నడిచి వచ్చారట.

బాబాయి: (కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచి) అప్పుడు కోఫీ ఎక్కడున్నాడు?

పిన్ని: రామచంద్రా!

బాబాయి: కాదే, ఆలోచిస్తుంటే పనిమంతుడిలాగే ఉన్నాడు. చరిత్ర తెలుసు, సంగీతం తెలుసు, చేతిలో విద్య ఉంది, తల్లిని చూసుకుంటున్నాడు. వయసెంత?

పిన్ని: కోట చూపించినప్పుడు 61.

బాబాయి: ఏమిటీ!

పిన్ని: డోలు నేర్పినప్పుడు 19.

బాబాయి: ఒక్క రోజులో 42 ఏళ్ళు తగ్గాడా? ఈ లెక్క ఎవరు సరిచూశారు?

పిన్ని: శుక్రవారం పుట్టిన మగపిల్లాడికల్లా ఆ పేరు ఉంటుందండీ. అక్కడి అకాన్ జాతివాళ్ళ ఆచారం. ఐక్యరాజ్యసమితిలో చేసిన కోఫీ అన్నన్ కూడా శుక్రవారం పుట్టినవాడే. శనివారమైతే క్వామే, ఘనా మొదటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా గారిలాగా. మీ వంశంలో వెంకటేశ్వరరావులు లేరూ? పెళ్ళి పందిట్లో పిలిస్తే ఆరుగురు లేచి నిలబడ్డారు.

బాబాయి: (పుస్తకం మూసి) ఒక్కడే అయితే బాగుండేది. ముందే ఎందుకు చెప్పలేదు?

పిన్ని: సంబంధం ఖాయం చేశాక చెబుదామనుకున్నాను. మన అమ్మలుకూ అఫువా అని పేరు పెట్టారట. శుక్రవారం పుట్టిందిగా.

బాబాయి: తప్పు! గురువారం. సూర్యోదయం కాకముందు పుట్టింది. పంచాంగం ప్రకారం ఇంకా గురువారమే. గురువారం ఆడపిల్లను ఏమంటారు?

పిన్ని: యా. తమ పవిత్రమైన బంగారు పీఠం తెచ్చిమ్మన్న ఇంగ్లీషువాళ్ళ మీద 1900లో అసాంటె రాజ్యం సేనను నడిపించిన రాజమాత యా అసంతేవా పేరు.

బాబాయి: చూశావా! అంత గొప్ప పేరు పోగొడతావా? వెంటనే సవరణ పంపుతాను.

పిన్ని: కన్నది నేను. వరండాలో గురక పెట్టినవాళ్ళకు వారం ఏం తెలుసు?

బాబాయి: నిద్రపోయానా? గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడూ పది. నర్సు వచ్చి ఆడపిల్ల అంది. నువ్వెలా ఉన్నావని నాలుగుసార్లు అడిగితే విసుక్కుంది.

(పిన్ని దగ్గర జవాబు లేకపోవడం నేను మొదటిసారి చూశాను. ఆ గ్లాసు తీసుకెళ్ళి కాఫీ మళ్ళీ వేడి చేసి తెచ్చింది.)

బాబాయి: నువ్వు మంగళవారం పుట్టావు. అందుకే మంగళవారాలు నీతో వాదన పెట్టుకోను.

పిన్ని: నేను పుట్టింది బుధవారం.

బాబాయి: సూర్యోదయానికి ముందా, తర్వాతా?