ముందు చక్రం ఎటు పోతే అటు

వయసు తగ్గించి చెప్పుకునే మగవాళ్ళని అందరం చూశాం. పెంచుకోవాలని తహతహలాడేవాళ్ళని చూడాలంటే మాత్రం మాస్టర్స్ సైకిల్ రేసు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరికి రావాలి. నడివయసు వాళ్ళని అయిదేసి ఏళ్ళ చొప్పున విడగొట్టి తొక్కించే పోటీ అది. మనకన్నా పెద్దవాళ్ళతో పడితే కాస్త ఆశ ఉంటుంది. చిన్నవాళ్ళతో పడితే మొదటి ఎత్తులోనే వాళ్ళ వీపులు కనుమరుగు.

నేను నిజానికి 45 ప్లస్. కానీ బళ్ళో వేసిననాడు హెడ్మాస్టారు నా కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందుతోందో లేదో చూసి, ఓ ఏడాదిన్నర కోసేసి, జులై ఒకటి అని రాసేశారు. రిటైర్మెంటుకి కలిసొస్తుందని నాన్న తెగ మురిసిపోయాడు. ఆ పుణ్యాన వైజాగ్ రేసులో నన్ను 40–44 కుర్రాళ్ళలో పడేశారు. జాతకం చూపిస్తానంటే, "ఆధార్ చాలండీ" అంది టేబుల్ దగ్గరి అమ్మాయి.

ఫ్రాన్సులో రొబేర్ మార్షాన్ అనే పెద్దాయన 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, ట్రాక్ మీద గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. ఆయన కోసమే 105 ఏళ్ళు పైబడినవారి విభాగం అని కొత్తగా పెట్టారు. అందులో ఆయన ఒక్కడే. నా గ్రూపులో అప్పుడే జిమ్ నుంచి లేచొచ్చినట్టున్న ఆ పిక్కల్ని చూస్తుంటే, ఇంకో అరవై ఏళ్ళు ఆగి పేరిస్తే బాగుండేదనిపించింది.

ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర మొదలు, భీమిలి వెళ్ళి వెనక్కి రావాలి. కైలాసగిరి కిందికి చేరేసరికే అసలు కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన ఎనిమిది మందిమి ఒక బారుగా కుదురుకున్నాం. సైకిల్ రేసులో గాలే అసలు శత్రువు. ముందువాడు దాన్ని చీల్చుకుంటూ పోతే, వాడి వెనక చక్రానికి అంటుకుని తొక్కేవాడికి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అందుకని ఎవరూ ముందుకి రారు. పెళ్ళిళ్ళలో మొదటి బంతికి ఎగబడే మనుషులే ఇక్కడ "మీరు కానివ్వండి", "అబ్బే, మీరే కానివ్వండి" అంటారు.

సరిగ్గా అప్పుడు దేవుడు పంపినట్టు ఒకాయన మమ్మల్ని దాటి ముందుకొచ్చాడు. నీలం జాకెట్టు, మూడు ద్వారబంధాలంత వీపు. ఆయన వెనక గాలి అన్నదే లేదు. వేగం ముప్పై రెండు నుంచి దిగడం లేదు. తల దించుకుని, ముందువాడి టైరుకీ మన టైరుకీ మధ్య జానెడు సందు చూసుకుంటూ పోవడమే. ఆ స్థితిలో సముద్రం కుడిపక్క ఉందో లేదో కూడా తెలీదు. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం ఎప్పుడు దాటామో తెలీదు.

సాగర్‌నగర్ దగ్గర ఆయన ఎడమచెయ్యి చూపించి సందులోకి తిరిగాడు. మేమూ ఎంతో క్రమశిక్షణగా, ఒకరి తర్వాత ఒకరం చెయ్యి చూపించి తిరిగాం. తారురోడ్డు పోయి సిమెంటు రోడ్డు వచ్చింది. స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఒక కుక్క వెంటపడింది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన ఒక ఆకుపచ్చ గేటు ముందు బ్రేకు వేసి, కాలు కింద పెట్టాడు.

అక్కడే వచ్చింది చిక్కు. రేసు బూట్లు పెడల్‌కి బిగుసుకుని ఉంటాయి. మడమ పక్కకి తిప్పితేగాని ఊడిరావు. ఆ సంగతి ముందే గుర్తుండాలి. రెండో ఆయన గోడ పట్టుకున్నాడు. మూడో ఆయన రెండో ఆయన్ని పట్టుకున్నాడు. మిగతావాళ్ళం వరసగా, నింపాదిగా, కళ్ళు తెరుచుకునే పక్కకి ఒరిగిపోయాం.

"అయ్యయ్యో, ముగ్గు!" అన్న కేక వినపడింది. అప్పుడే ముగ్గు పెట్టి లేచిన ఇల్లాలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టుకుని భర్తతో, "ఏటండీ, ఇంతమందిని ఎంటేసుకొచ్చారు? రవ్వ గ్లాసుడే ఉంది" అంది.

ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని మొదటిసారి చూశాడు. "నేనెవర్నీ తేలేదే! ఏటి బాబూ, ఎవరు మీరంతా?"

రోజూ పొద్దున్నే బీచ్ దాకా తొక్కి ఇంటికొచ్చే మనిషట. పోటీ ఉందనే తెలీదట. వెనక ఏదో చప్పుడవుతోంటే తన చెయిన్‌కి నూనె అయిపోయిందనుకున్నాడట. మాలో ఆయన వెనకే ఉన్న రెండో మనిషి చార్టర్డ్ అకౌంటెంటు. వీపు మీద నంబరు లేదని గమనించావా అని అందరం నిలదీశాం. "గమనించాను. ముఖ్య అతిథేమో అనుకున్నా" అన్నాడు.

రూలు ప్రకారం ఎక్కడ దారి తప్పామో అక్కడికే వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆవిడ కాఫీ తాగందే కదలనివ్వలేదు. గ్లాసులు చాలక రెండు విడతలు పట్టింది. ఇంటాయన మొహమాటపడి సందు చివరి దాకా తోడొస్తానన్నాడు. వెంటనే ఎనిమిది మందిమీ ఆయన వెనకాలే బారు కట్టాం.

భీమిలి వెళ్ళి తిరిగి బీచ్ చేరేసరికి బహుమతులు అయిపోయాయి. మెడల్స్ తీసుకున్న కుర్రాళ్ళు ఇడ్లీ ప్లేట్లతో నిలబడి ఉన్నారు. నా నల్ల లైక్రా నిక్కరు మీద, వెనకవైపు, ఎనిమిది రేకుల పద్మం చుక్కలతో సహా దిగి ఉందని వాళ్ళు నవ్వుతుంటేగాని తెలీలేదు.

అయితే ఆఖరి రెండు వందల మీటర్లు మాత్రం చూడాల్సింది. చివరి ఎనిమిది స్థానాల కోసం సీట్ల మీంచి లేచి, పళ్ళు బిగించి, మోచేతులు తగిలించుకుంటూ తొక్కాం. గీత మీద అకౌంటెంటు చక్రం ముందా, నాది ముందా అని పెద్ద గొడవ. తేల్చమని అడుగుదామని చూస్తే, ఫినిష్ ఆర్చిలో గాలి తీసేసి, ఇద్దరు కుర్రాళ్ళు దాని మీద బోర్లా పడుకుని మడతపెడుతున్నారు.

"కాస్త జరగండి సార్," అన్నాడు వాళ్ళలో ఒకడు, "తాడు మీద నిలబడ్డారు."