ఊరున్న టవరు, ఊరు లేని క్యూ

ప్రతి బేసి సంవత్సరం జనవరిలో వాషింగ్టన్‌లో ఒక సాహిత్య ప్రక్రియ విరగబూస్తుంది. దాన్ని పత్రికా ప్రకటన అంటారు. కొత్త సెనేట్ కొలువుదీరి కమిటీలు పంచుకోగానే, సెనేటర్ల ఆఫీసులన్నీ ఒకే వాక్యాన్ని వండి వారుస్తాయి: ఈ కమిటీలో మా రాష్ట్ర ప్రజల గొంతు వినిపించే భాగ్యం నాకు దక్కింది అని. గొంతు అన్నది మర్యాద కొద్దీ వాడే మాట. అసలు పనిచేసే అవయవం చెయ్యి.

పంపకానికి నియమనిష్ఠలు లేకపోలేదు. సెనేట్ 25వ నిబంధన ప్రకారం మనిషికి రెండు పెద్ద కమిటీలు, ఒక చిన్నది. నిధులు, ఆర్థికం, సాయుధ దళాలు, విదేశాంగం అనే నాలుగు వెండి కంచాల్లో మాత్రం ఒక్కటే, అది పార్టీలు పెట్టుకున్న నియమం. ఒకే రాష్ట్రం, ఒకే పార్టీ సెనేటర్లిద్దరు ఒకే కమిటీలో చేరకుండా పార్టీల కట్టుబాట్లున్నాయి. అన్నదమ్ములు ఒకే గిన్నెలో చెయ్యి పెడితే పక్కింటి గిన్నె ఖాళీగా ఉండిపోదూ? ఆ తర్వాతదంతా సీనియారిటీ, భూగోళశాస్త్రం. అమెరికా బియ్యంలో దాదాపు సగం పండించే ఆర్కన్సా నుంచి వచ్చిన జాన్ బూజ్‌మన్ 2025 నుంచి వ్యవసాయ కమిటీ అధ్యక్షుడు. మూడింట రెండొంతుల దాకా భూమి కేంద్రం చేతిలో ఉన్న యూటా నుంచి వచ్చిన మైక్ లీ ఇంధన, సహజవనరుల కమిటీ అధ్యక్షుడు. ఇంతవరకు తప్పు పట్టడానికేమీ లేదు. వరి గురించి తెలిసినవాడు వరి గురించి మాట్లాడాలి.

కానీ సముద్రం గురించి ఎవరు మాట్లాడాలి? వెస్ట్ వర్జీనియా. నాలుగు దిక్కులా వేరే రాష్ట్రాలే తప్ప సముద్రపు అంచు లేని కొండల రాష్ట్రం. దేశంలోని వాణిజ్య నౌకల సిబ్బందికి లైసెన్సులిచ్చే కోస్ట్ గార్డ్ కేంద్రం అక్కడి మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. ఆ పక్కనే కెర్నీస్‌విల్‌లో కోస్ట్ గార్డ్ కంప్యూటర్ల కేంద్రం. అలలు లేకపోతేనేం, 51 ఏళ్లు సెనేట్‌లో కూర్చుని మూడు దఫాలు నిధుల కమిటీని ఏలిన ఆ రాష్ట్రపు రాబర్ట్ బర్డ్ ఉండేవాడుగా. ఆయన ఉన్నచోటే రేవు.

బర్డ్‌ని క్షమించేద్దాం. ఆ కేంద్రాల్లో మనుషులు పనైనా చేస్తున్నారు. నాకు నిద్ర పట్టనివ్వనిది మిసిసిపీలోని ఏ-3.

స్టెన్నిస్ అంతరిక్ష కేంద్రం అక్కడుంది. ఆ పేరు శాస్త్రవేత్తదేమో అనుకునేరు. మిసిసిపీ సెనేటర్‌ది, సాయుధ దళాల కమిటీకీ, తర్వాత నిధుల కమిటీకీ అధ్యక్షత వహించినాయనది. 2007లో అక్కడ ఏ-3 అనే రాకెట్ ఇంజిన్ల టెస్ట్ స్టాండ్ మొదలుపెట్టారు. జే-2ఎక్స్ అనే ఇంజిన్ గాలి దాదాపు లేని ఎత్తులో అంటుకోవాలి, ఆ ఎత్తుని నేలమీదే సృష్టించాలి. ఇంజిన్‌ని ఒక గదిలో బిగిస్తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నీ ద్రవ ఆక్సిజన్‌నీ మండించి నీళ్లని ఆవిరి చేసే జనరేటర్లు 27. ఆ ఆవిరి హోరుగా దూసుకుపోతూ గదిలో గాలినీ పొగనీ లాగేస్తుంది, లోపల లక్ష అడుగుల ఎత్తులో ఉండేంత పీడనమే మిగులుతుంది. గొప్ప ఇంజనీరింగ్. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు.

2010 ఫిబ్రవరిలో ఒబామా బడ్జెట్ ఆ ఇంజిన్ బిగించాల్సిన రాకెట్ కార్యక్రమాన్నే రద్దు చేయమంది. పెళ్లి ఆగితే ఎవరింట్లోనైనా పందిరి విప్పేస్తారు. మిసిసిపీ సెనేటర్ రోజర్ వికర్ అలా కాదు. అంతరిక్షం వ్యవహారం వాణిజ్య కమిటీది, ఆయన అందులో సభ్యుడు. ఆ ఏడాది నాసా చట్టంలో ఏ-3ని పూర్తి చేయవచ్చు అని కాదు, పూర్తి చేయాలి అని రాయించాడు. 2013 సెప్టెంబరు 30 లక్ష్యమని తేదీతో సహా. కమిటీ సీటు విలువంతా ఆ ‘వచ్చు’కీ ‘ఆలి’కీ మధ్య ఉంది.

ఇక ఆ తర్వాతి మూడేళ్లు ఊహించుకోండి. ఇంజిన్ రాదని వెల్డింగ్ చేసేవాడికి తెలుసు. పైపులు బిగించేవాడికి తెలుసు. బిల్లు పాస్ చేసేవాడికి మరీ బాగా తెలుసు. అయినా 200 అడుగులు దాటిన ఆ ఉక్కు కట్టడం ఒక్కో అంతస్తూ లేచింది. ఆలు లేదు చూలు లేదు, ఉయ్యాల మాత్రం స్టీలుది. 2014లో పని పూర్తయింది, ఖర్చు సుమారు 35 కోట్ల డాలర్లు. ఆఖరి బోల్టు బిగించిన చేత్తోనే తాళం వేశారు. తాళమేస్తే అయిపోలేదు, తుప్పు పట్టకుండా ఏటా లక్షల డాలర్లతో సేవ చేయాలి. ఎందుకు తుప్పు పట్టకూడదు? ఎప్పుడైనా అవసరమైతే వాడాలిగా. అవసరమెప్పుడు? తుప్పు పట్టకుండా ఉంటే చెబుతారు.

అదే చట్టం కడుపున ఎస్ఎల్ఎస్ (స్పేస్ లాంచ్ సిస్టమ్) అనే రాకెట్ కూడా పుట్టింది. ఎన్ని టన్నులు మోయాలో చట్టంలోనే రాసి, వీలైనంత వరకు పాత స్పేస్ షటిల్ భాగాలూ పాత కాంట్రాక్టులే వాడమన్నారు. అందుకే దాని డ్రాయింగు చూస్తే రాష్ట్రాల పటంలా ఉంటుంది: బూస్టర్లు యూటాలో తయారై రైల్లో వస్తాయి, కోర్ స్టేజి లూసియానాలో కూర్చి పడవెక్కిస్తారు, ఇంజిన్ల పరీక్ష మిసిసిపీ, పెత్తనం అలబామా, ఎగరడం ఫ్లోరిడా. షటిల్‌తో పాటు ఇంటికి తిరిగొచ్చిన ఇంజిన్లు ఇప్పుడు ఎగిరినప్పుడల్లా నాలుగేసి సముద్రం పాలు. పాత డిజైనుతో పాటు దాని రోగమూ వచ్చింది: మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్, చిన్న అణువు, చలికి బిగుసుకున్న సీలు దగ్గర ఏ సందు దొరికినా జారుకుంటుంది. 2022 సెప్టెంబరు 3న ప్రయోగం ఆగింది ఆ లీకు వల్లే. 2016 కల్లా సిద్ధం కావాల్సింది 2022 నవంబరు 16న ఎగిరింది. క్యాప్సూల్, నేలమీది ఏర్పాట్లతో కలిపి ఎగిరినప్పుడల్లా 410 కోట్ల డాలర్లని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తేల్చాడు. విమర్శకులు దానికి సెనేట్ లాంచ్ సిస్టమ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

సరే, వరికి ఊరుంది. టవరుకి ఊరుంది. సముద్రం లేని కోస్ట్ గార్డుకీ ఊరుంది. గ్రీన్ కార్డ్ క్యూకి ఏ ఊరు?

ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000, ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. 1990 నాటి లెక్క. ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా ఒకటే పరిమితి. అది జ్యుడీషియరీ కమిటీ పరిధి. క్యూలో ఉన్నవాళ్లు న్యూజెర్సీలో ఉన్నారు, టెక్సస్‌లో ఉన్నారు, పన్ను కడుతున్నారు, సోషల్ సెక్యూరిటీ కడుతున్నారు. ఓటు లేదు. కాబట్టి వాళ్లు ఏ రాష్ట్ర ప్రయోజనమూ కారు. 2019 జులైలో దిగువ సభ ఆ పరిమితి ఎత్తేసే బిల్లుని 365–65తో పాస్ చేసింది. సెనేట్‌లో ఏకగ్రీవంగా పాస్ చేద్దామన్నప్పుడు ఒక్కరు లేచి అభ్యంతరం అంటే చాలు, ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు అన్నారు. 2020 డిసెంబరు 2న ఎట్టకేలకు వేరే రూపంలో పాస్ చేశారు, రెండు సభల బిల్లులూ కలిపి ఒకటి చేయకుండానే కాలం చెల్లింది. ఒక టవరు కోసం ‘ఆలి’ అని రాయడానికి చెయ్యి వణకలేదే! 21 నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోయే పిల్లల కోసం ఒక్క వాక్యం కలపడానికి రెండు సభలకీ తీరిక లేకపోయిందా? ఆ పిల్లల్ని ఉక్కుతో చేసి మిసిసిపీలో నిలబెట్టి ఉంటే తుప్పు పట్టకుండా చూసుకునేవాళ్లు.

ఆ స్టాండ్ దగ్గరే వీళ్లని నిలబెట్టమని సలహా ఇద్దామంటే ఇప్పుడు అక్కడా ఖాళీ లేదు. 2022లో రాకెట్ ల్యాబ్ కంపెనీ తన ఇంజిన్ పరీక్షల కోసం దాన్ని తీసుకుంది. 2014లో పడిన తాళం ఎనిమిదేళ్లకి ఊడింది. పెద్ద చదువులవాళ్ల గ్రీన్ కార్డ్ వరస ఈబీ-2 క్యూలో ఎనిమిదేళ్లంటే ఇంకా ముందువాడి వీపే కనిపిస్తుంటుంది.