నీడిల్ బిగించడం అన్నిటికీ మందు కాదు

హైదరాబాద్‌లో మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. "గ్లో ఇంజన్ గాల్లో ఆగిపోతే మిక్స్చర్ రిచ్ అయినట్టే. ఫుల్ థ్రాటిల్‌లో పొగ పోయేదాకా, స్పీడు ఇక పెరగనంత దాకా నీడిల్ బిగించండి. కుదిరాక ఏడాదంతా ముట్టుకోవద్దు. వేడెక్కితే నైట్రో ఎక్కువున్న ఫ్యూయల్ పోయండి." ఇది నమ్మి కొత్తవాళ్లు మంచి ఇంజన్లు పోగొట్టుకుంటున్నారు. గ్లో ఇంజన్ అంటే మిథనాల్ ఫ్యూయల్‌తో, వేడెక్కిన ప్లగ్ తీగతో నడిచే చిన్న ఇంజన్. నీడిల్ అంటే కార్బురేటర్‌లోకి ఫ్యూయల్ ఎంత వెళ్లాలో సర్దే స్క్రూ, బిగిస్తే ఫ్యూయల్ తగ్గుతుంది. గాలికి తగ్గదానికన్నా ఫ్యూయల్ ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్. నైట్రో అంటే ఫ్యూయల్‌లో కలిపే నైట్రోమీథేన్.

"పొగ పోయేదాకా" అన్నది మొదటి తప్పు. ఈ టూ స్ట్రోక్ ఇంజన్లకు వేరే ఆయిల్ ఉండదు. మిథనాల్‌లో సుమారు ఐదో వంతు కలిపే ఆముదమో, సింథటిక్ ఆయిలో బేరింగులనూ పిస్టన్‌నూ కాపాడుతుంది. అది చాలావరకు కాలకుండానే సైలెన్సర్ నుంచి బయటికొస్తుంది, కొంత వేడిని కూడా మోసుకుపోతుంది. మనకు కనిపించే పొగ, విమానం పొట్ట మీద జిడ్డు, రెండూ అదే. ఫుల్ థ్రాటిల్‌లో వెనక సన్నటి పొగచార అసలు కనబడకపోతే లోపల నూనె చాలడం లేదని అనుమానించాలి.

"స్పీడు ఇక పెరగనంత దాకా" అన్నది ఇంకా ప్రమాదం. నేల మీద పీక్‌లో, అంటే గరిష్ఠ స్పీడులో పెట్టిన ఇంజన్ గాల్లో లీన్ అవుతుంది. విమానం వేగం అందుకోగానే ప్రొపెల్లర్ మీద లోడ్ తగ్గి ఆర్పీఎం పెరుగుతుంది. ట్యాంకులో మట్టం తగ్గుతుంది. ముక్కు పైకెత్తితే ఫ్యూయల్ కార్బురేటర్ దాకా ఎక్కడమే కష్టం. మొదట్లో నా 46 సైజు ఇంజన్‌ను నేనూ ఇలాగే బిగించాను. మూడో క్లైంబ్‌లో గొంతు సన్నబడి ఆగిపోయింది. దింపి చూస్తే ప్లగ్ తీగ తెగి ఉంది, పిస్టన్ మీద గీతలు పడ్డాయి. అందుకే పీక్ చూశాక 200 నుంచి 400 ఆర్పీఎం తగ్గేలా నీడిల్ వెనక్కి తిప్పాలి. తర్వాత ఎవరైనా విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు నిటారుగా ఎత్తాలి. శబ్దం కుంగకూడదు. ఇంకో పరీక్ష: ప్రొపెల్లర్ వెనక నిలబడి ఫ్యూయల్ ట్యూబ్‌ను ఒక్క క్షణం నొక్కి వదలండి. స్పీడు కాస్త పెరిగి సర్దుకుంటే సరే. నొక్కగానే పడిపోతే ఇప్పటికే లీన్.

ఆగిపోతే రిచ్ అయినట్టేనా? ఆగిన తీరు వినాలి. గుడగుడమంటూ, దట్టంగా పొగ వదులుతూ మందగించి ఆగితే రిచ్. సన్నగా అరుస్తూ బలం తగ్గి టక్కున ఆగితే లీన్. ఐడిల్ నుంచి థ్రాటిల్ తెరవగానే ఆగితే ఇప్పటిదాకా చెప్పిన ఈ హై స్పీడ్ నీడిల్‌ను వదిలేసి, ఐడిల్ మిక్స్చర్ సర్దే లో స్పీడ్ స్క్రూ చూడాలి.

నీడిల్ ఎంత తిప్పినా సెట్టింగ్ నిలవకపోతే మాత్రం ఇక తిప్పకండి. ఎక్కడో గాలి లాగుతోంది. ట్యూబ్‌లో బుడగలు కనిపిస్తే ట్యాంకు విప్పండి. ఒక గొట్టం తప్ప మిగతావి మూసి, బకెట్ నీళ్లలో ముంచి ఊదితే చిల్లు బయటపడుతుంది. ట్యాంకు లోపల క్లంక్‌కు (ఫ్యూయల్ పీల్చే బరువు ముక్కకు) తగిలించిన ట్యూబ్ చీలినా ఇదే తంతు. నీడిల్ ఓ రింగ్ (రబ్బరు రింగు), బ్యాక్‌ప్లేట్ (ఇంజన్ వెనక మూత) గాస్కెట్ కూడా చూడాలి. సరిపోయే ఓ రింగులు రాణిగంజ్‌లో వెతకవచ్చు, పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి.

"ఏడాదంతా ముట్టుకోవద్దు" అనేవాళ్లు మన వాతావరణం మరిచారు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే చోట గాలి పలచన, అంటే అదే సెట్టింగ్ కాస్త రిచ్ వైపు జరుగుతుంది. అలా మేలో కుదిర్చిన నీడిల్‌తో జనవరి పొద్దున్నే, 15 డిగ్రీల చలిలో ఎగరేస్తే చిక్కటి గాలి వల్ల ఇంజన్ లీన్ అవుతుంది. చలికాలం మొదటి ఫ్లైట్‌కు ముందు నీడిల్‌ను రెండు మూడు క్లిక్కులు తెరిచి మొదలుపెట్టండి. వానాకాలంలో క్యాన్ మూత బిగించి ఉంచండి, మిథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది.

నైట్రో మాట అసలుకే తలకిందులు. ఒక పాలు మిథనాల్ పూర్తిగా కాలడానికి బరువు లెక్కన ఆరున్నర పాళ్ల గాలి కావాలి, నైట్రోమీథేన్‌కు రెండు పాళ్లు కూడా అక్కర్లేదు. అంటే అదే గాలికి ఇంకా ఎక్కువ ఫ్యూయల్ అందించాలి. నీడిల్ తెరవకుండా నైట్రో పెంచితే, ముందే వేడెక్కుతున్న ఇంజన్ ఇంకా లీన్ అవుతుంది.